ఓటు తెచ్చినవాళ్ళ పేర్లు ఏ గోడ మీద ఉన్నాయి?

(పదో తరగతి విద్యార్థిని, చెన్నై)

1921 ఏప్రిల్ 1న మన మద్రాసు లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో ఒక తీర్మానం నెగ్గింది. ఆడమనిషి అన్న ఒక్క కారణంతో ఎవరి పేరూ ఓటర్ల జాబితాలోంచి తప్పించకూడదు అన్నది దాని సారాంశం. బ్రిటిష్ ఇండియాలో అంతకుముందు ఏ రాష్ట్రమూ ఈ పని చెయ్యలేదు. బొంబాయి కూడా అదే ఏడాది మన తర్వాత చేసింది. ఏప్రిల్ ఒకటో తేదీ అని చెప్పగానే మా క్లాసులో అందరూ ఏప్రిల్ ఫూల్ అని నవ్వారు. కానీ ఇది నిజంగా జరిగింది. సెయింట్ జార్జి కోటలో జరిగింది. ఇప్పుడు కూడా తమిళనాడు అసెంబ్లీ ఆ కోటలోనే నడుస్తోంది.

ఆ కోట ముందు నుంచి నేను బస్సులో ఎన్నోసార్లు వెళ్ళాను. మెరీనా బీచ్‌కి వెళ్ళే దారి అదే కదా. బీచ్ రోడ్డు పొడుగునా ఒకదాని తర్వాత ఒకటి విగ్రహాలే. ఇంత పెద్ద సంగతి మన ఊళ్ళో జరిగింది కాబట్టి దానికీ ఒక విగ్రహమో, ఒక రాయో ఉండాలి కదా అని నేనూ నా స్నేహితురాలూ ఈ ఏడాది వెతకడం మొదలుపెట్టాం. మనుషులకు గుర్తులు బోలెడన్ని కనపడ్డాయి. ఓటు గురించి ఒక్క మాట రాసిన గుర్తు మాత్రం మేము చూసిన చోట్ల లేదు. ఈ వ్యాసం ఆ విషయం గురించే.

ముందు కథ కొంచెం చెప్పాలి. 1917 మే నెలలో అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ అనే సంఘం పుట్టింది. అనీ బిసెంట్ దానికి అధ్యక్షురాలు. పనంతా భుజాన వేసుకున్నవాళ్ళలో ముఖ్యులు మార్గరెట్ కజిన్స్, డొరతీ జినరాజదాస. అమ్ము స్వామినాథన్ లాంటి మన దేశపు ఆడవాళ్ళు కూడా మొదటినుంచీ అందులో ఉన్నారు. సంఘానికి స్త్రీ ధర్మ అని ఒక పత్రిక ఉండేది. ముఖ్యంగా ఇంగ్లీషు పత్రికే అయినా అందులో తమిళం, తెలుగు కూడా వేసేవారు. అంటే ఆ సంఘం మాట తెలుగు చదివే ఆడవాళ్ళ దాకా కూడా వెళ్ళాలని అనుకున్నారన్నమాట. ఇది తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది.

మార్గరెట్ కజిన్స్ ఐర్లండు దేశస్థురాలు. ఓటు కోసం పోరాడి ఇంగ్లండులో, ఐర్లండులో జైలుకు పోయి వచ్చిన మనిషి. 1915లో భర్తతో కలిసి మన దేశానికి వచ్చారు. 1917 చివర్లో ఇంగ్లండు నుంచి మాంటేగు అనే మంత్రి మన దేశంలో పరిపాలన ఎలా మార్చాలో తెలుసుకోవడానికి వచ్చాడు. ఆయన మద్రాసుకు వస్తున్నాడని తెలిసి ఆడపిల్లల చదువు గురించి మాట్లాడటానికి మార్గరెట్ కజిన్స్ సమయం అడిగారు. రాజకీయ విషయాలైతేనే వింటాం అని జవాబు వచ్చింది. సరే, రాజకీయమే అడుగుదాం అని ఓటు అడిగారు! వద్దన్నవాళ్ళ మాటనే పట్టుకుని ఇంకా పెద్దది అడగడం నాకు భలే నచ్చింది. డిసెంబర్ 18న సరోజినీ నాయుడు నాయకత్వంలో ఆడవాళ్ళ బృందం మద్రాసులో మాంటేగును కలిసింది.

సరోజినీ నాయుడు అనగానే మనకు కవయిత్రి అని గుర్తొస్తుంది. ఆమె బెంగాలీవాళ్ళ అమ్మాయి, పుట్టింది హైదరాబాదులో. భర్త డాక్టర్ గోవిందరాజులు నాయుడు. వాళ్ళ పెళ్ళి 1898లో మన మద్రాసులోనే జరిగింది. వేరే వేరే కులాలవాళ్ళ పెళ్ళి కాబట్టి ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఆ పెళ్ళి దగ్గరుండి జరిపించింది మన కందుకూరి వీరేశలింగం పంతులు గారు. తెలుగు వాచకంలో వితంతు వివాహాల పాఠం చదివే మనకు ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

అడగగానే ఎవరూ ఇవ్వలేదు. ఓటు ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి వచ్చిన సౌత్‌బరో కమిటీ ఆడవాళ్ళకు వద్దు అంది. మన దేశంలో సాంఘిక పరిస్థితులు ఇంకా అలా లేవట. అప్పుడు హీరాబాయి టాటా, ఆమె కూతురు మిథాన్ 1919లో లండన్ దాకా పోయి తమ వాదన వినిపించారు. సరోజినీ నాయుడు, అనీ బిసెంట్ కూడా అక్కడ మాట్లాడారు. చివరికి 1919 చట్టంలో ఏం చేశారంటే, మేము ఇవ్వం, కాదనం, మీ మీ రాష్ట్రాల కౌన్సిళ్ళే తేల్చుకోండి అని వదిలేశారు. బంతి మద్రాసుకు వచ్చింది. మద్రాసు కౌన్సిల్ రెండేళ్ళలోనే ఔను అంది.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. 1921లో వచ్చిన ఓటు అందరు ఆడవాళ్ళకూ కాదు. మగవాళ్ళకు ఉన్నట్టే ఆస్తి, పన్ను లెక్కలుండేవి. ఆడవాళ్ళ పేరుమీద ఆస్తులు ఎన్ని ఉంటాయి? ఇంటి పన్ను మొగుడి పేరునే కదా ఉండేది. మా ముత్తాత నెల్లూరు వైపు నుంచి వచ్చి బిన్నీ మిల్లులో పనిచేశారు. మా ముత్తవ్వ ఆ రోజుల్లో ఈ ఊళ్ళోనే ఉండి ఉన్నా ఆమెకు ఓటు వచ్చేది కాదు. బట్టలుతికే ఆడవాళ్ళకు, చేపలమ్మే ఆడవాళ్ళకు, మగ్గం దగ్గర కూర్చునే ఆడవాళ్ళకు కూడా అంతే. 1935 చట్టంలో చదువు వచ్చినవాళ్ళకూ, ఓటు ఉన్న మగవాళ్ళ భార్యల్లో కొందరికీ ఇచ్చారు కానీ అప్పుడు కూడా అందరికీ రాలేదు. రాజ్యాంగం వచ్చాకే 21 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు వచ్చింది. 1989 నుంచి అది 18 ఏళ్ళయింది.

ఓటు వెయ్యొచ్చు కానీ కౌన్సిల్‌లో కూర్చోకూడదు అని ఇంకో అడ్డం కూడా ఉండేది. 1926లో అది తొలగింది. ఆ ఏడాది ఎన్నికల్లో కమలాదేవి చట్టోపాధ్యాయ మంగళూరు వైపు నుంచి మద్రాసు కౌన్సిల్‌కు నిలబడ్డారు. నిలబడమని ప్రోత్సహించింది మార్గరెట్ కజిన్సే. కొద్ది ఓట్ల తేడాతో కమలాదేవి ఓడిపోయారు. ఆ తర్వాత డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డిని ప్రభుత్వం సభ్యురాలిగా నియమించింది. సభవాళ్ళు ఆమెను డిప్యూటీ ప్రెసిడెంటుగా ఎన్నుకున్నారు. పేరు చివర రెడ్డి చూసి మా క్లాసులో చాలామంది ఆవిడ తెలుగావిడే అని పట్టుబట్టారు. రెడ్డి భర్త పేరు నుంచి వచ్చింది. ఆమె పుదుక్కోట్టైలో 1886లో పుట్టిన తమిళ అమ్మాయి. అమ్మ దేవదాసీల కుటుంబం నుంచి వచ్చిన మనిషి. దేవదాసీ పద్ధతి పోవాలని కౌన్సిల్‌లో అంత గట్టిగా ముత్తులక్ష్మి ఎందుకు పోరాడారో దీనివల్ల అర్థమవుతుంది. ఓటు అడిగి ఏం సాధించారు అని ఎవరైనా అంటే నేను ఆమె పేరే చెబుతాను.

సరే, ఇప్పుడు గుర్తుల దగ్గరికి వస్తాను.

1921 నాటి ఆ కౌన్సిల్‌ను నడిపింది జస్టిస్ పార్టీ. ఆ పార్టీ పెద్దల్లో పిట్టి త్యాగరాయ చెట్టి గారు తెలుగువారు. ఆయన పేరునే త్యాగరాయ నగర్ వచ్చింది. పానగల్ రాజా రామరాయణింగారు కూడా తెలుగువారే, కాళహస్తి వైపు. ఆయన పేరున ఆ నగర్ మధ్యలోనే పానగల్ పార్కు ఉంది. మనవాళ్ళ పేర్లు ఊరి నడిమధ్యలో ఉన్నందుకు నాకు గర్వమే. కానీ చూడండి ఏమైందో. త్యాగరాయ నగర్ అని ఇప్పుడెవరైనా అంటారా? టీ నగర్. పండగ బట్టలకు టీ నగర్ పోదామా అంటారు. మా వీధిలో పదిమందిని అడిగాను టీ అంటే ఏంటి అని. ఇద్దరు చెప్పారు. ఒకాయన టీ అంటే చాయే అనుకున్నా అన్నాడు, తమాషాకో నిజంగానో!

బిసెంట్ నగర్ సంగతీ ఇంతే. బిసెంట్ నగర్ బీచ్‌ను కాలేజీ పిల్లలు బెస్సీ అని ముద్దుగా పిలుస్తారు. అనీ బిసెంట్‌కు మెరీనాలో విగ్రహం కూడా ఉంది. హోం రూల్ ఉద్యమం నడిపినావిడ, కాంగ్రెస్‌కు అధ్యక్షురాలైన మొదటి స్త్రీ, దివ్యజ్ఞాన సమాజం నాయకురాలు, ఇవన్నీ అందరికీ తెలుసు. ఓటు అడిగిన సంఘానికి మొదటి అధ్యక్షురాలు అన్నది మాత్రం ఎవరి నోటా వినం.

మెరీనాలో ఇంకా ఇద్దరు ఆడవాళ్ళున్నారు, అవ్వయ్యార్, కణ్ణగి. ఒకరు పాతకాలపు కవయిత్రి, ఇంకొకరు కావ్యంలోని మనిషి. 1968లో ప్రపంచ తమిళ మహాసభ అప్పుడు పెట్టారు. కణ్ణగి విగ్రహాన్ని 2001 డిసెంబర్‌లో తీసేస్తే ఊరంతా గొడవైంది. 2006లో మళ్ళీ తెచ్చి పెట్టారు. విగ్రహం అంటే ఉత్త కంచు కాదు, తీస్తే జనానికి నొప్పేస్తుంది అని దీనివల్ల తెలుస్తుంది. అదే నొప్పి 1917 డిసెంబర్‌లో మాంటేగు ముందు నిలబడ్డ ఆడవాళ్ళ గురించి ఎవరికీ వెయ్యదు, ఎందుకంటే తీసెయ్యడానికి అక్కడ ముందే ఏమీ లేదు.

ముత్తులక్ష్మి రెడ్డికి గుర్తులు తక్కువేం కాదు. ఆమె మొదలుపెట్టిన అవ్వై హోం ఉంది, అడయారు కాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే డబ్బుకు ఆమె పేరే పెట్టారు. మా పిన్నికి బాబు పుట్టినప్పుడు ఆ డబ్బు వచ్చింది. ముత్తులక్ష్మి ఎవరో తెలుసా పిన్నీ అని అడిగితే, ఎవరో డాక్టరమ్మ కదా అంది. అది నిజమే. పిన్నికి ఓటరు కార్డు కూడా ఉంది. డబ్బు అందినప్పుడు గుర్తొచ్చే పేరు ఓటు వేసేటప్పుడు కూడా గుర్తు రావాలంటే దానికి వేరే ఏర్పాటు కావాలి.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు ఉంది, మన ఆంధ్ర మహిళా సభ ఉన్న రోడ్డు. రాజమండ్రిలో 1909లో పుట్టిన ఆమె మద్రాసు ఆడవాళ్ళకోసం ఎంత చేశారో మన బళ్ళో అందరికీ తెలుసు. కానీ రాజ్యాంగ సభలో ఆమె ఉన్నారని ఎంతమందికి తెలుసు? రాజ్యాంగ సభలో మొత్తం 15 మంది ఆడవాళ్ళుంటే మద్రాసు నుంచి వెళ్ళినవాళ్ళు ముగ్గురు. దుర్గాబాయి, అమ్ము స్వామినాథన్, దాక్షాయణి వేలాయుధన్. ఇందులో అమ్ము స్వామినాథన్ 1917లో అడయారులో ఆ సంఘం పెట్టినప్పుడు ఉన్న మనిషే. ఓటు ఇవ్వండి అని అడగడం మొదలుపెట్టిన చోటునుంచి అందరికీ ఓటు అని రాసుకున్న చోటిదాకా నడిచిందన్నమాట. దాక్షాయణి ఆ సభలో ఉన్న ఒకే ఒక్క దళిత స్త్రీ.

మార్గరెట్ కజిన్స్ గుర్తు అయితే విచిత్రంగా ఉంది. అది కంటికి కనపడదు, చెవికి వినపడుతుంది. ఆమె భర్త మదనపల్లె కాలేజీలో ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చి కొన్నిరోజులున్నారు. జనగణమనకు ఆయన పాడిన వరస విని మార్గరెట్ కజిన్స్ దాన్ని స్వరాలుగా రాసిపెట్టారు. మనం బళ్ళో నిలబడి పాడుతున్నది ఆ వరసే. పాడేటప్పుడు ఆమె పేరు ఎవరికీ తెలీదు. మన దేశం కోసం కూడా ఆమె ఒక ఏడాది శిక్ష పడి వేలూరు జైలుకు వెళ్ళారు. 1954లో అడయారులోనే పోయారు.

వేరే దేశాల్లో ఏం చేశారో కూడా చదివాను. అక్కడ కూడా సులువుగా ఏం జరగలేదు. అమెరికా వాళ్ళు 1921లోనే, అంటే మనకు తీర్మానం వచ్చిన ఏడాదే, ఓటు కోసం పోరాడిన ముగ్గురు ఆడవాళ్ళ పాలరాతి విగ్రహం వాషింగ్టన్‌లో తమ పార్లమెంటు భవనంలో పెట్టారు. పెట్టినట్టే పెట్టి కింద నేలమాళిగలోకి చేర్చేశారు. అది మళ్ళీ పైకి, పెద్ద గుండ్రటి హాల్లోకి రావడానికి 1997 దాకా పట్టింది. అంటే 76 ఏళ్ళు! విగ్రహం చెక్కిన అడిలేడ్ జాన్సన్ ఆ రోజు చూడకుండానే చనిపోయారు.

లండన్‌లో ఎమ్మలీన్ పాంక్‌హర్స్ట్ విగ్రహం 1930లో పెట్టారు. అక్కడ ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ సమానంగా ఓటు వచ్చింది 1928లో. ఆ ఏడాదే, చట్టం పూర్తికావడానికి కొన్ని వారాల ముందు ఆమె చనిపోయారు. ఆ విగ్రహం పార్లమెంటు పక్క తోటలో ఉంది. పార్లమెంటు ఎదురుగా ఉన్న చౌకులో మాత్రం అన్నీ మగవాళ్ళ విగ్రహాలే ఉండేవి. మన గాంధీ గారికి కూడా 2015లో అక్కడ చోటిచ్చారు. ఒక ఆడమనిషికి చోటు దొరకడానికి 2018 ఏప్రిల్ కావలసి వచ్చింది. ఆమె మిలిసెంట్ ఫాసెట్. విగ్రహం చేసింది కూడా ఆడమనిషే, గిలియన్ వేరింగ్. నాకు నచ్చింది విగ్రహం కాదు, దాని పీఠం. దాని చుట్టూ ఓటు కోసం పనిచేసిన ఇంకా 59 మంది పేర్లూ బొమ్మలూ ఉన్నాయి. వాళ్ళలో నలుగురు మగవాళ్ళు. మన పంజాబు మహారాజు రంజిత్ సింగ్ మనవరాలు సోఫియా దులీప్ సింగ్ కూడా ఉంది. ఓటు ఇవ్వకపోతే పన్ను కట్టను అని మొండికేసి, సామాను జప్తు చేసినా కట్టని మనిషి ఆమె.

అన్నిటికంటే నాకు నచ్చింది న్యూజీలాండ్ వాళ్ళది. ఆడవాళ్ళకు దేశమంతటా ఓటిచ్చిన మొదటి దేశం అదే, 1893లో. ఓటు కావాలని ఆ ఏడాది ఇచ్చిన అర్జీల్లో అన్నీ కలిపి దాదాపు 32,000 సంతకాలున్నాయి. ముఖ్యమైన అర్జీ కాగితాలను ఒకదానికొకటి అంటించి చుట్ట చుట్టారు, విప్పితే 270 మీటర్లు వస్తుంది. మా బడి గేటు నుంచి మెయిన్ రోడ్డు సిగ్నల్ దాటి పోతుందన్నమాట. ఆ చుట్టను పారేయకుండా దాచారు, ఇప్పుడు వెల్లింగ్టన్‌లో జనం చూసేలా పెట్టారు. ఓటు వచ్చి వందేళ్ళయినప్పుడు 1993లో క్రైస్ట్‌చర్చ్‌లో కేట్ షెపర్డ్ పేరున స్మారకం కట్టారు. అందులో ఆమె ఒక్కతే లేదు, ఆమెతోపాటు పనిచేసిన ఇంకొందరు కూడా ఉన్నారు. పది డాలర్ల నోటు మీద కూడా ఆమె బొమ్మే. అయినా నేను అక్కడికి పోతే ముందు చూసేది ఆ సంతకాల చుట్టే. శిల్పి ఎంత బాగా చెక్కినా, ఒకామె తన చేత్తో రాసుకున్న పేరంత బాగుంటుందా?

పేరు గురించి ఇంత ఎందుకు చెబుతున్నానంటే, మన దేశంలో ఓటు సమస్య నిజంగా పేరు దగ్గరే చిక్కుకుంది. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. సుకుమార్ సేన్ గారు ఎన్నికల కమిషనర్. జాబితా రాయడానికి ఇంటింటికీ పోతే చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అని రాయించుకున్నారు. అలా రాస్తే కుదరదు, సొంత పేరు కావాలి అని కమిషన్ అంది. కొంత గడువు ఇచ్చినా చెప్పనివాళ్ళ పేర్లు కొట్టేశారు. అలా దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళు మొదటి ఎన్నికల్లో ఓటు పోగొట్టుకున్నారు. ఎక్కువ భాగం ఉత్తరాది రాష్ట్రాలవాళ్ళు. కమిషనర్ చేసింది తప్పా ఒప్పా అని మా క్లాసులో పెద్ద చర్చ జరిగింది. ఓటు వచ్చిన మొదటిసారే లాక్కోవడం అన్యాయం అని కొందరు. నేను మాత్రం కమిషనర్ వైపే మాట్లాడాను. ఆ ఒక్కసారి గట్టిగా ఉన్నందువల్లే తర్వాత ఎన్నికలకు ఆడవాళ్ళు తమ పేర్లు రాయించుకున్నారు. సరళంగా పోయి ఉంటే ఈ రోజుక్కూడా జాబితాలో సగం ఫలానావాడి భార్యలే ఉండేవాళ్ళు.

మనలో మాత్రం ఈ అలవాటు లేదా? మా అవ్వ ఈ రోజుకూ తాతయ్య పేరు నోటితో చెప్పదు. రేషన్ షాపులో అడిగితే నా వైపు చూస్తుంది, నేను చెప్పాలి. అవ్వను వీధిలో అందరూ మా మామయ్య పేరు చెప్పి, వాడి అమ్మ అనే పిలుస్తారు. ఆమె సొంత పేరు పూర్తిగా, ఇంటి పేరుతో సహా రాసి ఉన్న కాగితాలు ఇంట్లో ఎన్ని ఉన్నాయా అని వెతికాను. ఆధార్ కార్డు, ఓటరు కార్డు. పెళ్ళి శుభలేఖలో కూడా ముద్దుపేరే ఉంది.

అందుకే ఓటు అడిగినవాళ్ళకు మన ఊళ్ళో గుర్తు పెడితే అది విగ్రహం కాకూడదని నా అభిప్రాయం. విగ్రహం పెడితే ఒకరికే పెడతారు. ఆ ఒకరు ఎవరని కొట్లాట వస్తుంది, తర్వాత ఏడాదికోసారి దండ, మిగతా రోజులు కాకులు. పేర్లు రాయాలి. వరుసగా, సొంత పేర్లు. ఎక్కడ రాయాలి అంటే ఓటు వేసే చోటే రాయాలి. ఎన్నికలప్పుడు మా బడే పోలింగ్ బూత్. రెండు రోజులు సెలవిస్తారు, మేము తిరిగి వచ్చేసరికి గోడల మీద బూత్ నంబర్లు అంటించి ఉంటాయి, వాటిని గోకడం మాకు పెద్ద ఆట. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, పొద్దున్నే వచ్చి వరుసలో ముందు నిలబడేది ఆడవాళ్ళే. నీళ్ళు పట్టుకుని, వంట ముగించి వస్తారు. నిలబడినంతసేపూ ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ ఉంటారు. ఆ గోడ ఖాళీగా ఉంది.

మా హిస్టరీ టీచరమ్మ సాయంతో హెచ్చెమ్ గారిని అడిగాం. బడి గోడే కాబట్టి రాసుకోండి, కానీ రాజకీయ పార్టీ మాట ఒక్కటి కూడా ఉండకూడదు, తమిళంలో కూడా రాయాలి అన్నారు. రెండూ న్యాయమే. ఓటుకు వచ్చేవాళ్ళలో చాలామంది తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. మా అమ్మే అలాంటిది, ఇంట్లో అంతా తెలుగే, చదివింది తమిళ మీడియం.

పేర్ల దగ్గర చాలా తగువు పడ్డాం. సరోజినీ నాయుడు, మార్గరెట్ కజిన్స్, డొరతీ జినరాజదాస, హీరాబాయి టాటా, కమలాదేవి, ముత్తులక్ష్మి రెడ్డి, అమ్ము స్వామినాథన్, వీళ్ళ గురించి ఎవరూ కాదనలేదు. అనీ బిసెంట్‌కు ఇప్పటికే విగ్రహం ఉంది కదా, వద్దు అన్నారు కొందరు. దుర్గాబాయి 1917లో ఎనిమిదేళ్ళ పిల్ల, ఓటు ఎక్కడ అడిగింది అన్నారు. ఆ మాట నిజమే. కానీ 1921 ఓటు మా ముత్తవ్వకు రాలేదు, 1950 ఓటు వచ్చింది. ఆ రెండో ఓటు రాసిన సభలో కూర్చున్న ముగ్గురినీ వదిలేస్తే మా వీధి ఆడవాళ్ళు వరుసలో నిలబడి చదివే పేర్లలో వాళ్ళకు ఓటిచ్చినవాళ్ళే ఉండరు. కాబట్టి దుర్గాబాయి, దాక్షాయణి ఉండాలని నేను పట్టుబట్టాను. ఓటింగ్ పెట్టాం. 31 మందిలో 19 మంది నా వైపు వేశారు. బిసెంట్ పేరు కూడా నిలిచింది, రెండు ఓట్ల తేడాతో.

బోర్డులు రాసే పెయింటర్ అన్న వచ్చి గోడ కొలిచాడు. ఎనిమిది అడుగుల పొడవు, రెండు భాషల్లో పది పేర్లు, 28 లక్షల సంగతి కింద ఒక వరుసలో పడుతుందన్నాడు. ఆయనకు తెలుగు అక్షరాలు రావు. మేము సుద్దముక్కతో గీసిస్తే దానిమీద రంగు వేస్తానన్నాడు. శనివారం ఒత్తులు సరిచూసుకోవడానికి నలుగురం ఉంటున్నాం. ముత్తులక్ష్మి పేరు నేను గీస్తున్నాను. కజిన్స్ అని రాయాలా కజన్స్ అని రాయాలా అన్నది ఇంకా తేలలేదు.